ఇంజను వేడెక్కేదాకా

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు తెల్లవారుజామున కిటికీ కింద ఏదో ఖంగుఖంగుమని దగ్గుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి కర్టెన్ తీస్తే, ఆ కొండ ఊరి చలికి అద్దం లోపలివైపు కూడా మంచు పేరుకుని ఉంది. గోటితో కాస్త గీకి ఆ సందులోంచి చూశాను. వాకిట్లో ఒక పాత కారు, దాని వెనక తెల్లటి పొగ, డ్రైవరు సీట్లో శాలువా తలమీదుగా కప్పుకుని మా అత్తగారు.

కొత్త కోడలిని కదా, కంగారు పడ్డాను. "మీ అమ్మగారు ఇంత పొద్దున్నే కారేసుకుని ఎక్కడికెళ్తున్నారు?" అని మా ఆయన్ని కుదిపి లేపాను.

"ఎక్కడికీ వెళ్ళదు. బండి వేడి చేస్తోంది. పడుకో," అని ఆయన ముసుగు తన్నారు.

నేను పడుకోలేదు. అక్కడే నిలబడి చూశాను. ఆ దగ్గు మెల్లగా తగ్గి, ఇంజను ఒక్క తీరున గురగురలాడడం మొదలెట్టింది. అప్పుడు మా మామయ్యగారు స్వెటరూ మంకీ క్యాపూ తగిలించుకుని, కాఫీ తాగిన మూతి తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చి, డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డారు. ఒక్క మాట మాట్లాడలేదు. అత్తగారు తలుపు తీసుకుని దిగారు. ఆయన ఎక్కారు. కారు గేటు దాటి వెళ్ళిపోయింది. అత్తగారు గేటు మూసి, లోపలికొచ్చి పిండి తొట్టి కడగడానికి కూర్చున్నారు.

అంటే రాత్రంతా చలికి బిగుసుకుపోయిన బండిని లేపేది ఈవిడ, లేచాక ఎక్కి ఊరేగేది ఆయన. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. వచ్చిన మర్నాడే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ ఇంటికి బతుకుతెరువు బన్నులు. వెనక గదిలో ఇటుకల బట్టీ ఉండేది. పిండి పిసకడం, ఉండలు చుట్టడం, కాల్చడం అన్నీ అత్తగారి పని. కాలిన బన్నుల్ని ట్రేల్లో సర్ది, కొండ మీది ఆసుపత్రి క్యాంటీనుకీ, బస్టాండు దగ్గరి టీ కొట్లకీ కారులో వేసి రావడం మామయ్యగారి పని. ఊళ్ళో అందరూ ఆయన్ని బన్నుల సారు అనేవారు. బన్నులు చేసే మనిషిని ఏమీ అనేవారు కాదు. ఆవిడ ఒకరున్నారని క్యాంటీను వాళ్ళకి తెలుసో లేదో కూడా అనుమానమే.

కారు వేడి చేసే పని ఆవిడ మీద ఎలా పడిందో తర్వాత ఎప్పుడో చెప్పారు. పెళ్ళైన కొత్తలో మామయ్యగారికి విడవని దగ్గు పట్టుకుందట. పొద్దుటి చలిలో తిరగొద్దని డాక్టరు చెప్పాడు. కారు చూస్తే చలికి ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. అందుకని అత్తగారే ముందుగా వెళ్ళి, చలికి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పిడి లాగి, సెల్ఫ్ కొట్టి, ఇంజను కుదురుకునేదాకా అందులో కూర్చునేవారు. ఈయనేమో చివరి నిమిషంలో బయటికొచ్చి వెచ్చటి బండెక్కేవారు. మందులతో దగ్గు పోయింది. ఈ ఏర్పాటు మాత్రం పోలేదు.

"పోన్లెండి అత్తయ్యా, స్టార్ట్ చేయడం వచ్చినదానికి నడపడం ఎంతసేపు? మీరే నడిపేయొచ్చుగా?" అన్నాను ఒకసారి, బన్నుల మీద పాలు పూస్తూ.

"అడిగాను ఒకప్పుడు. ఆయన నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. క్యాంటీనుకెళ్ళి అందరికీ చెప్పి మరీ నవ్వారు. మా ఆవిడ కారు నడుపుతుందట అని. అక్కడ వంటవాళ్ళ దగ్గర్నుంచి కాపలావాడి దాకా నవ్వారట. అది కూడా ఆయనే వచ్చి చెప్పారు నాకు, ముచ్చటగా."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? అడగడం మానేశాను," అన్నారు. బ్రష్షు నా చేతిలోంచి తీసుకుని, "అంత పాలు పూస్తే అడుగు తడిసిపోతుంది," అని చేసి చూపించారు.

ఆవిడకి నోట్లో నాలుక లేదనుకున్నాను మొదట్లో. నా పొరపాటే. నాలుక భేషుగ్గా ఉంది, దానికి తీరిక లేదంతే. బట్టీ రాజేసిన దగ్గర్నుంచి గదులు తుడిచేదాకా ఎవరో ఒకరు ఆవిడ్ని పిలుస్తూనే ఉండేవారు. అమ్మా నా సాక్సు, ఇదిగో కాఫీ ఏదీ, అత్తయ్యా ఈస్టు ఎంత. ఆ కారులో కూర్చున్న కాసేపే ఎవరూ పిలిచేవారు కాదు. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఇంజను అదురు ఎలా ఉందో చూసుకుంటూ, చోక్ పిడిని కొంచెం కొంచెంగా లోపలికి నెడుతూ, ఇంకో చేత్తో ఓ మాడిన బన్ను తింటూ కూర్చునేవారు. ఆ మొహంలో ఉండే నిమ్మళం నేను ఇంకెప్పుడూ చూడలేదు. అందుకే ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డప్పుడల్లా కిటికీలోంచి నాకు ఒళ్ళు మండేది.

మామయ్యగారు దుర్మార్గులేం కాదు, ఆ మాట చెప్పాలి. చెడు అలవాట్లు లేవు. చెయ్యి చేసుకున్న మనిషి కాదు. తన వల్లే ఇల్లు నడుస్తోందని గట్టిగా నమ్మిన మనిషి, అంతే. అలాంటి వాళ్ళతో పోట్లాడ్డం చాలా కష్టం. మనం ఏమన్నా వాళ్ళకి ఆశ్చర్యమే తప్ప కోపం కూడా రాదు.

ఓ చలికాలం ఆయన చూపు దెబ్బతింది. ముందు కారు ఎడమ మడ్‌గార్డుకి సొట్ట పడింది. "ఎవడో దున్నపోతు గుద్దేసి పోయాడు," అన్నారు. తర్వాత లైటు పగిలింది. దానికీ ఇంకో దున్నపోతు. చివరికి ఒకరోజు పొగమంచులో కారు పేవ్‌మెంట్ ఎక్కించేసరికి, ఆసుపత్రి గేటు కాపలావాడు కుర్చీ వదిలేసి దూకి పారిపోయాడు. అతని కుర్చీ నుజ్జయింది. మా ఆయన బలవంతంగా కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎదురుగా ఉన్నది తప్ప పక్కలకి చూపు ఆనడం లేదని తేలింది. పోయిన చూపు రాదు, ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు.

ఇంటికొచ్చి మామయ్యగారు అన్నం ముందు కూర్చుని చాలాసేపు కెలుకుతూ ఉండిపోయారు. తర్వాత చెప్పారు. "కారు అమ్మేస్తున్నాను. బన్నుల పని కూడా ఆపేద్దాం. ఇక చాలు."

వడ్డిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. "కళ్ళు మీవి పోతే బట్టీ ఎందుకు ఆర్పడం?"

"బన్నులు వాటంతటవే నడిచి కొండెక్కుతాయా?"

"వ్యాను మాట్లాడదాం మామయ్యగారూ, రోజూ వచ్చి..." అని నేను అంటుండగానే ఆయన అగ్గి మీద గుగ్గిలం అయ్యారు. తన బన్నుల మీద ఇంకెవడి పెత్తనమూ వద్దన్నారు. డ్రైవర్ని పెడదామంటే, "నా బండిని వేరేవాడి చేతికివ్వను. నేను నడపని బండి ఈ వాకిట్లో ఉండకూడదు," అని చెయ్యి కడిగేసుకుని లేచారు. గుమ్మం దాటుతూ పక్కనున్న స్టూలు తన్నుకున్నారు. ఆయన్ని చూసి జాలేసింది నాకు. అంతలోనే అత్తగారి మొహం చూశాను, ఆ జాలి కాస్తా పోయింది.

ఆవిడకి ఆ బట్టీయే లోకం. ఆవిడ చేతి బన్ను మర్నాటికి కూడా మెత్తగా ఉంటుందని ఆసుపత్రిలో రోగులు అడిగి మరీ తెప్పించుకునేవారు. ఇకనుంచి పొద్దున్నే లేచి ఆవిడ ఏం చేయాలి? మాకు కాఫీలు అందిస్తూ కూర్చోవాలి. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ తట్టినట్టు లేదు.

మా ఆయన సంగతి కూడా చెప్పేస్తాను. ఆయన కారు నేర్చుకోవచ్చుగా అని మీకు అనిపించి ఉంటుంది. ఆయనకి కారు పడదు. కూర్చుంటేనే కడుపులో తిప్పుతుంది. ఒకసారి మామయ్యగారు నేర్పబోతే వీధి చివరిదాకా పోనిచ్చి, తలుపు తీసి వాంతి చేసుకుని, నడిచి ఇంటికొచ్చారట. కారు అమ్ముడుపోయేదాకా అని మా ఆయన సైకిలు మీద రెండు ట్రేలు కట్టుకుని దగ్గర్లోని టీ కొట్లకి వేసి వచ్చేవారు. కొండ మీదికి సైకిలు ఎక్కదు. క్యాంటీను ఆయన మంచివాడు కాబట్టి, "వచ్చే నెలాఖరు దాకా ఎలాగో సర్దుకుంటాను. అప్పటికీ మీరు తేలేకపోతే వేరేవాళ్ళకి ఖాయం చేసేస్తాను, ఏమనుకోవద్దు," అని కబురు పెట్టాడు. ఆసుపత్రి పోతే మిగిలేది రెండు టీ కొట్లు. దానికి బట్టీ రాజేసే కట్టెల ఖర్చు కూడా రాదు.

విచిత్రమేమిటంటే, కారు ఎక్కడికీ వెళ్ళకపోయినా అత్తగారు తెల్లారగట్ల దాన్ని వేడి చేయడం మానలేదు.

"ఎక్కడికీ పోని బండికి వేడెందుకు?" అని మామయ్యగారు మెట్ల మీంచి కేకేశారు.

"మీరు అమ్మేదాకా అది బండే. చలికి చావనివ్వను," అని ఆవిడ కారులోంచే కేకేశారు. ఆవిడ ఆయనకి ఎదురుగా గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ మధ్యాహ్నమే, మామయ్యగారు కునుకు తీస్తుంటే, "అమ్మాయ్, చెప్పులేసుకో. మైదా చూసొద్దాం," అన్నారు. మైదా కొట్టు దాటి వెళ్ళిపోయాం. పక్క సందులో డ్రైవింగ్ స్కూలు ముందు ఆగారు.

నేను సంతోషంతో ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. "మామయ్యగారికి చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే వద్దంటారు. వద్దన్నాక నేర్చుకుంటే ఆయన మాట కాదన్నట్టు అవుతుంది. అనకముందే నేర్చేసుకుంటే ఏ గొడవా లేదు," అన్నారు. ఈ లెక్క ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో మరి.

డ్రైవింగ్ మాస్టారు మెడకి మఫ్లరు చుట్టుకున్న ఓ బక్కపల్చటి మనిషి. కొత్త కారు. అత్తగారు ఎక్కి స్టార్ట్ చేశారు. చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక సీట్లో ఉన్నాను.

"పోనీయండమ్మా," అన్నాడు మాస్టారు.

"ఆగండి. వేడెక్కనీయండి."

"ఇది కొత్త బండమ్మా. దానికి అక్కర్లేదు. స్టార్ట్ చేసి మెల్లగా పోనిస్తే అదే వేడెక్కుతుంది."

"దానికి అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి," అన్నారు అత్తగారు.

మాస్టారు నావైపు తిరిగి చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కాసేపటికి ఆవిడే గేరు వేసి, చెప్పినట్టు క్లచ్ వదిలారు. కారు కదిలింది. ఆవిడ కెవ్వుమని బ్రేకు తొక్కారు. నేను ముందు సీటుకి గుద్దుకున్నాను.

"ఏమైందమ్మా?"

"కదిలిందండీ!"

"కదలడానికే కదమ్మా కారు."

"ఇన్నేళ్ళలో నా కింద ఎప్పుడూ కదల్లేదు," అన్నారు. ఆ గొంతు విన్నాక మాస్టారు ఎప్పుడూ విసుక్కోలేదు.

నేర్చుకోవడం సులువుగా జరిగిందని చెప్తే అబద్ధం. ఇంజను చప్పుడుని బట్టి గేరు మార్చడం రెండోరోజే పట్టేశారు. మలుపుల దగ్గర మాత్రం ఆవిడ పప్పులుడకలేదు. కుడికి తిప్పమంటే ముందు ఆవిడ కుడివైపుకి వంగేవారు, తర్వాత స్టీరింగ్ తిరిగేది. ఓ కూరగాయల బండిని, ఓ సైకిలు షాపు బోర్డుని వెంట్రుకవాసిలో తప్పించారు. ఇంటికొచ్చేసరికి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. "మైదా దొరికిందా?" అని మామయ్యగారు అడిగితే, "ఇవాళ మంచిది లేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి," అనేవారు, తొణక్కుండా బెణక్కుండా. ఊళ్ళో మంచి మైదాకి అంత కరువొచ్చిందని ఆయన నిజంగానే బెంగపడ్డారు.

లైసెన్సు పరీక్ష రోజు వచ్చింది. మైదానంలో ఇటుకలు పేర్చి దారి గీశారు. అత్తగారు కారెక్కి స్టార్ట్ చేసి, ఎప్పట్లాగే కాసేపు వేడెక్కనిచ్చారు. ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకుని వచ్చి, ఏదో అడుగుదామని డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

అత్తగారు తలుపు తీసుకుని దిగిపోయారు.

దిగి, తలుపు పట్టుకుని, ఆయన ఎక్కుతాడని పక్కకి జరిగి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరుకి ఏమీ అర్థం కాలేదు. "ఏంటమ్మా, భయమేసిందా? పరీక్ష వద్దా?" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రకారు నవ్వారు. ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది తానేం చేశారో. మళ్ళీ ఎక్కబోతే, వరసలో ఇంకా చాలామంది ఉన్నారు, మరోసారి రమ్మని పంపేశాడు.

దారంతా ఆవిడ విసవిసా నడిచారు. ఏడుస్తారేమో అనుకున్నాను. మైదా కొట్టు దగ్గరికొచ్చాక ఆగి, "నేను దిగలేదు అమ్మాయ్. నా కాళ్ళు దిగాయి. ఆయన వచ్చి నిలబడ్డం, నేను దిగడం. నిద్రలో అడిగినా చేస్తాను. ఈ కాళ్ళని ఏం చేయాలో చూస్తాను," అన్నారు పళ్ళు బిగించి. తనమీద తనకి అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ వారంలోనే కారు చూడ్డానికి ఒకాయన వచ్చాడు. మామయ్యగారు దగ్గరుండి చూపించారు. వచ్చినాయన బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, చివరికి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చటుక్కున మొహం మారిపోయింది.

"వేడిగా ఉందేంటండీ? నేనొస్తున్నానని ముందే స్టార్ట్ చేసి ఉంచారా?"

పాత బండి కొనేవాళ్ళ దగ్గర ఓ పట్టింపు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చలికాలం పొద్దున్నే వస్తారు. చల్లగా పడున్న ఇంజను తమ కళ్ళెదుటే స్టార్టవ్వాలి. ముందే వేడెక్కి ఉంటే, లోపల ఏదో జబ్బుంది, దాస్తున్నారని లెక్క. మామయ్యగారికి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "అబ్బే, మా ఆవిడకి రోజూ అలవాటండీ, వేడి చేయడం..." అన్నారు. "ఎక్కడికీ వెళ్ళని బండిని రోజూ వేడి చేస్తారా?" అని ఆయన నవ్వి, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

జీవితంలో ఎవర్నీ మోసం చేయని మనిషిని మోసగాడిలా చూసి పోయాడు. మామయ్యగారికి తల కొట్టేసినట్టయింది. లోపలికొచ్చి గోడకున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

"ఇక ఆ కారు దగ్గరికెళ్ళావంటే ఊరుకోను."

అత్తగారు పిండి పిసుకుతున్నారు. తలెత్తలేదు. "జేబులో తాళం పెట్టుకున్నారు, బానే ఉంది. చలిని ఎక్కడ పెడతారు?" అన్నారు. ఆయనకి అది వెటకారంగా తోచింది. అది హెచ్చరిక.

ఆ మర్నాటి నుంచీ తెల్లవారుజామున వాకిట్లో ఏ చప్పుడూ లేదు. కారు మీద మంచు పడి, అలాగే గట్టిపడి, పొద్దెక్కాక కరిగి కారేది. అత్తగారు ఆ వేళప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి దాన్ని చూసి లోపలికి వెళ్ళిపోయేవారు. నాకైతే ఆ తాళంచెవి ఆయన జేబులోంచి కొట్టేసి ఆవిడ చేతిలో పెట్టాలనిపించేది.

రెండో పరీక్షకి వెళ్ళేముందు ఆవిడ ఉపాయం ఆలోచించారు. స్కూలు కారుకి సీటు బెల్టు ఉంది. ఇంజను స్టార్ట్ చేయకముందే దాన్ని బిగించుకుని, నన్ను పిలిచి గట్టిగా లాగి చూడమన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ లేచారు. కళ్ళారా చూశాను, లేచారు. బెల్టు పట్టి వెనక్కి లాగింది. కూలబడ్డారు. సీటు సర్దుకుంటోందనుకుని ఇన్‌స్పెక్టరు అటువైపు నుంచి ఎక్కాడు. మైదానం చుట్టూ రెండుసార్లు తిప్పి, ఇటుక ఒక్కటి కూడా తగలకుండా తెచ్చి ఆపారు. ఇంటికి వస్తూ నిజంగానే మైదా కొన్నాం.

క్యాంటీను ఆయన పెట్టిన గడువు నెలాఖరు. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే కారు చూడ్డానికి ఇంకో ఆయన వస్తున్నాడని మామయ్యగారు చెప్పారు. అత్తగారు సరే అని కూడా అనలేదు. కానీ తెల్లవారకముందే నేను లేచేసరికి బట్టీ భగభగమంటోంది, గదినిండా ట్రేలు. ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో చేసినన్ని బన్నులు.

"ఇన్ని ఎవరికత్తయ్యా?" అన్నాను, తెలిసి కూడా.

"ఓ చెయ్యి వెయ్యి," అన్నారు. వాకిట్లో ఉండే కారు తలుపులకి ఎప్పుడూ తాళం వేసేవాళ్ళం కాదు కాబట్టి, ఇద్దరం ట్రేలు మోసి కారు వెనక సీట్లో, డిక్కీలో సర్దాం.

కొనేవాడు వచ్చాడు. తోలు చేతితొడుగులు వేసుకున్న లావుపాటి మనిషి. తొడుగు ఒకటి తీసి బానెట్ ముట్టుకుని, "మంచుగడ్డలా ఉంది. ఇలాగే ఉండాలి," అని మెచ్చుకున్నాడు. మామయ్యగారి మొహం వెలిగింది. ఠీవిగా డ్రైవరు తలుపు తీశారు. వెనక ట్రేలు కనిపించాయి.

"ఇవేంటి?"

"బన్నులు," అన్నారు అత్తగారు, గుమ్మంలోంచి.

పరాయి మనిషి ముందు గొడవెందుకని ఆయన మింగేసి కూర్చుని, తాళం తిప్పారు. ఇంజను మూలిగింది. మళ్ళీ తిప్పారు. యాక్సిలరేటర్ టపటపా తొక్కారు. చోక్ మొత్తం లాగారు, తోశారు, మళ్ళీ లాగారు. అప్పుడు నాకు వెలిగింది. ఆయన కాపురం చేసినన్నాళ్ళూ చల్లని ఇంజనుని ఆయన ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. కారు అంటే ఎప్పుడూ లేచి, తయారై, గురగురలాడుతూ ఉండే వస్తువని ఆయన అనుకుంటున్నారు. పెట్రోలు వాసన గుప్పుమంది. బ్యాటరీ గొంతు సన్నబడిపోతోంది. కొనేవాడు తొడుగు మళ్ళీ తగిలించుకున్నాడు.

"ఇదిగో! ఓసారి ఇటు రా. వచ్చి దీన్ని స్టార్ట్ చెయ్యి," అని మామయ్యగారు కేకేశారు. మొహం కందగడ్డలా ఉంది. చేయకపోతే పరువు పోతుంది. చేస్తే బండి పోతుంది. ఈవిడ ఏం చేస్తారా అని నేను వాకిట్లోకి దిగాను.

అత్తగారు చేతులకున్న పిండి తుడుచుకుంటూ మెట్లు దిగారు. ఆయన దిగారు, ఆవిడ ఎక్కారు. వెంటనే ఏమీ చేయలేదు. "కాసేపు ఊరుకోవాలి. పెట్రోలు తాగి తాగి ఉంది," అన్నారు. వాకిట్లో మేం ముగ్గురం నోట్లోంచి ఆవిర్లు వదులుతూ నిలబడ్డాం. తర్వాత చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ నేలకి అదిమిపట్టి, తాళం తిప్పారు. ఒక దగ్గు. ఇంకో దగ్గు. అంతే, నల్లటి పొగ కక్కి ఇంజను లేచింది.

"భలే!" అన్నాడు కొనేవాడు.

ఆవిడకి ఎవరి మెప్పూ వినిపిస్తున్నట్టు లేదు. అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నారు. అదురు తగ్గింది, చప్పుడు కుదురుకుంది. కొనేవాడు తృప్తిగా తలూపి, "బండి నాదే అనుకోండి. ఓ చుట్టు నడిపి చూస్తాను," అని తలుపు దగ్గరికి వచ్చాడు. మామయ్యగారు కూడా వచ్చి అతని పక్కన నిలబడ్డారు, రోజూ నిలబడే చోటే.

ఈ పాత కారుకి బెల్టు లేదు.

నేను ఆవిడ మోకాళ్ళనే చూస్తున్నాను. కదిలాయి. ఎడమ కాలు తలుపు వైపు జరిగింది కూడా. ఆవిడ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఆ కాలు వెనక్కొచ్చి క్లచ్ మీద పడింది.

"ఈ బండి అమ్మడం లేదండీ. చలిలో తిప్పినందుకు ఏమనుకోకండి. అమ్మాయ్, ఈయనకి రెండు బన్నులు ఇవ్వు," అన్నారు.

"ఏంటా మాటలు? దిగు," అన్నారు మామయ్యగారు.

"దిగను."

"దిగు అంటున్నానా!"

"ఇన్నాళ్ళూ మీరు చెప్పకుండానే దిగాను. ఇప్పుడు చెప్పినా దిగను."

ఆయన, "నడపడానికి నీకు లైసెన్సుందా?" అన్నారు, అదేదో బ్రహ్మాస్త్రంలా.

"ఉంది."

"ఎవరిచ్చారు?"

"సర్కారు వారు."

"ఎవర్నడిగి తీసుకున్నావు?"

"వద్దనే వాళ్ళని అడగలేదు," అన్నారు ఆవిడ. "బన్నులు చల్లారిపోతున్నాయి. మీరు కూడా వచ్చేట్టయితే అటువైపు నుంచి ఎక్కండి. రాకపోతే కనీసం గేటు తీయండి."

కొనేవాడికి బన్నులు చేతికిచ్చి, నేను పరిగెత్తి వెనక సీట్లో ట్రేల మధ్య ఇరుక్కున్నాను. ఈ తమాషా ఎలా వదులుకుంటాను? మామయ్యగారు కాసేపు కారునీ, కాసేపు కొనేవాడినీ చూశారు. వెళ్ళి గేటు తీశారు. కారు బయటికొచ్చాక, తడుముకుంటూ వచ్చి ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

కొండ దారిలో రెండో మలుపు దగ్గర ఇంజను ఆగిపోయింది. వెనక బస్సు హారన్ మోగించింది. "క్లచ్! క్లచ్!" అని ఆయన కాలితో కింద ఉత్త రేకుని తొక్కేస్తున్నారు.

"మీ కాళ్ళు మీ దగ్గర పెట్టుకోండి," అని ఆవిడ మళ్ళీ స్టార్ట్ చేశారు. బస్సువాడు ఇంకోసారి హారన్ కొడితే, కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, ఆగమని సైగ చేశారు. వాడు ఆగాడు. నాకు ఈలవేయాలనిపించింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు మా కారుని గుర్తుపట్టి, ముందుజాగ్రత్తగా కుర్చీ తీసి లోపల పెట్టుకున్నాడు. క్యాంటీను మెట్ల ముందు కాస్త వంకరగా ఆపారు అత్తగారు. క్యాంటీను ఆయన బయటికొచ్చి, ముందు సీట్లో మామయ్యగారిని, స్టీరింగ్ దగ్గర పిండి అంటిన ఓ ఆడమనిషిని చూసి, "ఏం బన్నుల సారూ, డ్రైవరమ్మని పెట్టుకున్నారా?" అన్నాడు.

మామయ్యగారు అత్తగారి వైపు తిరిగారు.

"డ్రైవర్ని కాదు బాబూ. మీరు ఇన్నేళ్ళుగా తింటున్న బన్నులు నేను చేసినవే. ఇకనుంచి తెచ్చేది కూడా నేనే. లెక్కా డొక్కా ఏమున్నా నాతో మాట్లాడండి," అని ఆవిడ ఇంజను ఆపారు.

క్యాంటీను ఆయన తలమీద టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదనుకుంటాను. మామయ్యగారు దిగలేదు. ముందు అద్దంలోంచి కొండ కిందికి చూస్తూ కూర్చున్నారు. ఆయనకి ఆ నేరుగా ఉన్నదొక్కటే కనిపిస్తుందని గుర్తొచ్చి నాకు మళ్ళీ కొంచెం బాధేసింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పోనీలే. రేపట్నుంచి పొద్దున్నే బండి నేను స్టార్ట్ చేసి, వేడి చేసి పెడతాను. నువ్వొచ్చి ఎక్కుదువుగాని," అన్నారు. ఆయన జన్మలో చెప్పిన క్షమాపణ అదొక్కటే. అది క్షమాపణ అని నాకు అర్థమైంది. అత్తగారికి నాకంటే బాగా అర్థమై ఉంటుంది.

"అక్కర్లేదు. నా బండి నేనే వేడి చేసుకుంటాను. మీరు ట్రేలు దించండి," అన్నారు.

ఆయన దిగి, డిక్కీ తెరిచి, ఒక ట్రే ఎత్తారు.

"ఎడమ పక్కన మెట్టుంది, చూసుకోండి," అని అత్తగారు సీట్లోంచే చెప్పారు.